ఒక చలికాలం ఆలస్యంగా పులికాట్‌కు

మా అక్క కరుణ నేరేడ్‌మెట్‌లోని ఒక ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ టీచరుగా పనిచేసింది. ఆ బడిలో మెట్ల పక్కనున్న పొడవాటి గోడ మీద, నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగో పక్షుల గుంపును వేసింది. రంగు వెలిసినప్పుడల్లా తనే మళ్లీ దిద్దేది. అయితే ఆ పక్షిని అక్క ఎన్నడూ చూడలేదు. ఎవరో ఇచ్చిన క్యాలెండరు పెట్టుకుని వేసిన బొమ్మ అది. రిటైరైన రోజు సాయంత్రం పూలదండలు పక్కన పెట్టి నాతో అంది: "ఆ గులాబీ రంగు సరైనదో కాదో నాకింతవరకూ తెలీదు సుగుణా. ఒక్కసారి పోయి చూసొద్దాం." సికింద్రాబాద్ నుంచి పులికాట్ సరస్సుకు మేం ప్రయాణం కట్టింది అందుకే. చలికాలంలో ఆ పక్షులు అక్కడికి వేలల్లో వస్తాయి.

మేముండేది మౌలాలిలో. నేను మారేడ్‌పల్లిలో ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన జయపాల్ రైల్వే డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆయన ఒక పాత డీజిల్ వ్యాను కొన్నారు. లోపలి సీట్లు తీసేసి రెండు పరుపులు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న టాయిలెట్ అమర్చి దాన్ని మోటార్‌హోమ్‌గా మార్చారు. చెక్కపని తప్ప మిగతాదంతా ఆయన చేతి పనే. ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న, మెయింటెనెన్సుకు ఎంతవుతుందని. ఇంజనాయిలు, ఫిల్టర్లు ఇంట్లోనే మార్చుకుంటే నాలుగు వేలలో పని అయిపోతుంది. బయట ఏడు వేల దాకా తీసుకుంటారు. డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు వదలడం, బెల్టులు చూసుకోవడం, టైర్లలో గాలి సరిచూడటం లాంటివి అలవాటైతే అసలు ఖర్చే కాదు. అంతవరకూ ఆయన లెక్క నిజమే. మా కష్టం పెద్ద పని దగ్గర మొదలైంది.

ముందటేడు చలికాలం మొదట్లో బండి రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతూ, సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ రావడం మొదలైంది. ఇంజను మీది హెడ్డు కింద ఉండే పల్చటి గ్యాస్కెట్ పోయిందని ఆయన వెంటనే కనిపెట్టారు. అంటే ఇంజను పై భాగమంతా విప్పాలి. లాలాగూడలో ఒక వర్క్‌షాప్ వాళ్లు అయిదు రోజుల్లో చేసిస్తామని, దాదాపు నలభై వేలవుతుందని చెప్పారు.

"నలభై వేలా? రైలింజన్లు విప్పి బిగించిన చేతులివి సుగుణా. పది రోజుల్ల నేనే చేస్త" అన్నారు జయపాల్.

చేయగలరు. ఆ విషయంలో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కానీ షెడ్‌లో ఒక్క ఇంజను మీద పది మంది పనిచేసేవారు. బరువులెత్తడానికి క్రేన్ ఉండేది. మా ఇంటి ముందు ఆయన ఒక్కరే. ఆ హెడ్డు దించేటప్పుడు నడుం పట్టేసి రెండు వారాలు మంచం దిగలేదు. తర్వాత క్రిస్మస్ వచ్చింది, చర్చి పనులు వచ్చాయి. రాణిగంజ్‌లో లేతు షాపుకు ఇచ్చిన హెడ్డు సరిగ్గా చదును కాలేదని ఆయన మళ్లీ అక్కడికే తీసుకెళ్లి ఇచ్చారు. తెచ్చిన గ్యాస్కెట్ మందం తేడా వచ్చింది. ఎలాగూ విప్పాం కదా అని క్లచ్ ప్లేటు కూడా తీశారు.

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అక్క మా ఇంటికొచ్చింది. బండి ముందు భాగం నోరు తెరుచుకుని ఉంది. సామానంతా గోనెసంచుల మీద పరిచి ఉంది.

"రైల్లో పోదామా అక్కా? సూళ్లూరుపేటలో దిగితే సరస్సు పక్కనే" అన్నాను.

ఆయన గ్రీజు చేతులతోనే ఇటు తిరిగారు. "ఇంట్ల బండి పెట్టుకొని రైల్లో ఏందీ వదినా? మీ కోసమే కదా గిదంత చేస్తున్న. జెర ఒక్క వారం ఆగుండ్రి."

అక్క నవ్వేసింది. "సరేలే జయపాలూ, నీ బండిలోనే వస్తాను. ఇన్నేళ్లు ఆగినదాన్ని, వారం ఆగలేనా?"

ఆ రాత్రి ఫోన్‌లో చూస్తే రైల్లో సీట్లున్నాయి. బుక్ చేస్తే ఆయన మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. ఇంజను స్టార్టయ్యేసరికి మార్చి వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. చెవి పెట్టి వినమన్నారు, నిజంగానే కొత్త బండిలా పలికింది. కానీ పులికాట్‌లో అప్పటికే నీళ్లు తగ్గి, పక్షులు చాలామటుకు వెళ్లిపోయాయని తెలిసింది. విడిభాగాలు, లేతు పని, దీనికోసమే కొన్న చైన్ పుల్లీ, కొత్త పానాలు అన్నీ కలిపితే ఖర్చు ముప్పై అయిదు వేలు. వర్క్‌షాప్‌కు ఇవ్వకపోవడం వల్ల మాకు మిగిలింది అయిదు వేలు. "ఏం పర్లేదు, వచ్చే చలికాలం పోదాం" అనుకున్నాం ముగ్గురం.

అక్కకు నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, ఉందని మాకు ముందే తెలుసు. రోజూ కళ్లలో చుక్కలు వేసుకుంటూ బాగానే ఉండేది. వానాకాలంలో కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. ఆపరేషన్ చేశారు. ఎడమ కన్ను పోయింది. కుడి కంటిలో మధ్యలో కొంచెం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. అది కూడా మసకే. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడమే చికిత్స అని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక అక్క మొదట అడిగిన మాట, "ఫ్లెమింగోలు ఎప్పుడొస్తాయే?" అని.

ఈ ఏడాది జనవరి ఆఖర్లో నాకు మూడు రోజులు సెలవు దొరికింది. ఇంకా చీకటి ఉండగానే మౌలాలిలో బయల్దేరి, నేరేడ్‌మెట్‌లో అక్కను ఎక్కించుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా విజయవాడ హైవే పట్టుకున్నాం. నార్కెట్‌పల్లి దగ్గర కుడికి తిరిగి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా పోతే ఒంగోలు దగ్గర్లో మళ్లీ పెద్ద హైవే కలుస్తుంది. రోడ్డు బాగుంది. మా బండి లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుంది. రానూపోనూ పన్నెండు వందల కిలోమీటర్లకు డీజిల్ పదకొండున్నర వేలు దాటింది. టోల్ రెండు వేలకు అటూ ఇటూ.

అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాం. జయపాల్ మాటిమాటికీ ఇంజను శబ్దం వింటూ, "సౌండ్ ఎట్లుంది వదినా?" అని అడిగేవారు. "బాగుంది జయపాలూ, కుట్టుమిషన్‌లా ఉంది" అనేది అక్క. నాకు లోపల చిరాకు పుట్టేది. కాసేపటికి ఆయన అడగడం మానేశారు.

మిర్యాలగూడ దాటాక రోడ్డు పక్క ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. ఇడ్లీ, పల్లీల పచ్చడి, ముగ్గురికీ కలిపి నూటయాభై లోపే. వడ్డించే ఆమె మా బండిలోకి తొంగి చూసింది.

"అమ్మా, గిండ్లనే పండుకుంటరా? వంట సుత చేస్కుంటరా?"

"చేసుకుంటాం" అన్నాను.

"మంచిగుంది. మరి ఖరాబైతే ఎవలు బాగుచేస్తరు?"

మామూలుగా అయితే ఈ ప్రశ్నకు మా ఆయన బానెట్ ఎత్తి పావుగంట చెబుతారు. ఆ రోజు "నేనే" అని చేయి కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా యాసంగి నాట్లు. "బయట ఏముంది?" అని అడిగింది అక్క. పచ్చగా ఉందన్నాను.

"ఏ పచ్చ?"

"లేత పచ్చ."

"లేత అంటే? నిమ్మకాయ పచ్చా, విచ్చుకుంటున్న అరటాకు పచ్చా?"

అరటాకు, అన్నాను. తృప్తిగా తలూపింది. దారి పొడుగునా ఇదే పని. ఆకాశం అంటే చాలదు, ఇస్త్రీ చేసిన యూనిఫాం నీలమా, వెలిసిన నీలమా చెప్పాలి. పిడుగురాళ్ల దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే అక్క సీట్లో ముందుకు వంగింది.

"అదిగో! ఎరుపు! మిరపకాయలు కదూ?"

జయపాల్ బ్రేకు వేసి, బండిని పక్కకు తీసి, అక్క చేయి పట్టుకుని కల్లం దాకా నడిపించారు. ఆ ఘాటుకు ముగ్గురం తుమ్ముతూ నవ్వుతూ నిలబడ్డాం. ఇది కనబడితే అవి కూడా కనబడతాయి అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నారని ఆ మొహం చూస్తే తెలిసింది. మళ్లీ బండెక్కాక ఆయన పాత కీర్తన ఒకటి కూనిరాగం తీశారు.

అద్దంకి దగ్గర చింతచెట్ల నీడలో ఆగి పెరుగన్నం, టమాటా పచ్చడి తిన్నాం. పొద్దు గూకే వేళకు నెల్లూరు దాటి హైవే మీద ఒక పెట్రోలు బంకులో ఆగాం. ట్యాంకు నింపించుకుంటే రాత్రికి బండి పెట్టుకోనిస్తారు, డబ్బేమీ అడగరు. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. పక్క హోటల్లో చేపల పులుసు భోజనం నూట ఎనభై.

తెల్లవారి సూళ్లూరుపేటలో టీ తాగి, శ్రీహరికోట వైపు రోడ్డులోకి తిరిగాం. ఊరు దాటిన కాసేపటికే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్పకు కొంచెం ముందు రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి ఆపాం. అక్కడ రమణమ్మ అనే ఆమె బుట్టలో రొయ్యలు పెట్టుకుని అమ్ముతోంది. పక్షులు ఎక్కడుంటాయని అడిగాను.

"పోయినేడు ఈ రోడ్డు మొగదలే మేసినాయి మా. రాయేస్తే తగిలేంత దగ్గర. ఈపారి నీళ్లు జాస్తిగా ఉండాయి, లోతులోకి అయ్యి రావు గదా. అదో, ఆ దిబ్బ పక్కన తెల్లంగా ఉండాయే, అయ్యే."

దూరంగా నీళ్ల అంచున ఒక పొడవాటి గీత కనిపించింది. కళ్లు చికిలించి చూస్తే ఆ గీత కదులుతోంది. వందలు, వేలు. జయపాల్ కొత్తగా కొన్న బైనాక్యులర్స్ అక్క మెడలో వేసి, భుజాలు పట్టుకుని అటు తిప్పారు. ఆమె చాలాసేపు చూసింది. కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పి చూసింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. నీటి మీద ఎండ తళతళ కొడుతోంది.

"తెల్లగా మెరుస్తోంది. అంతే. నాకేం కనిపించట్లేదు సుగుణా" అంది.

రమణమ్మ బుట్ట సర్దుకుంటూ తలదించుకుంది. జయపాల్, "వదినా, పోయిన సాలే తీస్కరావాల్సింది. నేనే..." అని ఆగిపోయారు.

"అవును జయపాలూ. అప్పుడొచ్చుంటే చూసేదాన్ని" అంది అక్క.

ఆమె గొంతులో కోపం లేదు. పర్లేదులే అని ఊరడించే తీపి కూడా లేదు. ఆయన బండి వెనక్కి వెళ్లి నిలబడ్డారు. నేను ఆయన దగ్గరికి వెళ్లాలో అక్క దగ్గర ఉండాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. ఏడాదిగా ఈ మాట ఆయనతో నేనే అనాలని ఎన్నోసార్లు అనుకుని మింగేశాను. తీరా అక్క నోట విన్నాక నాకేమీ హాయి అనిపించలేదు.

"వెళ్లిపోదామా అక్కా?" అన్నాను చివరికి.

"ఇంతదూరం వచ్చి పావుగంటకే పోవడమేంటే? స్టూలు వెయ్యి. టీ పెట్టు. కనిపించకపోతే వినిపిస్తాయిగా." గాలి ఇటు తిరిగినప్పుడు నిజంగానే బాతుల గోలలాంటిది లీలగా వినబడుతోంది. రమణమ్మకు కూడా ఒక గ్లాసు టీ ఇచ్చాం, అరకిలో రొయ్యలు కొన్నాం. అక్క సరస్సు వైపు ముఖం పెట్టి కూర్చుని, "ఇప్పుడు రంగు చెప్పు" అంది.

"లేత గులాబీ."

"లేత గులాబీలు చాలా ఉన్నాయి."

రోజా రేకు అన్నాను. కాదేమో అనిపించి, పసిపిల్ల అరికాలు అన్నాను. తామర మొగ్గ అన్నాను. నాకే నచ్చలేదు. దూరం నుంచి తెలుపు, కాసేపు చూస్తే ఏదో రంగు, చెప్పబోతే జారిపోతోంది. జయపాల్ ఎప్పుడొచ్చారో, బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు చూశారు.

"వదినా, నేను చెప్త. ఇనుముకు ముందుగాల రెడ్ ఆక్సైడ్ కొడ్తరు చూడు. దాని మీద తెల్ల పెయింట్ ఒక్కటే చెయ్యి కొడితే, కింది ఎరుపు పూర్తిగ దాగదు. లోపలికెళ్లి కొంచెం కొంచెం కనబడ్తది. గట్లున్నయి. గంత సుత లేదు, ఇంకా తక్కువ. కాళ్లు మాత్రం అసలైన గులాబి."

అక్క తల పక్కకు వంచి ఆలోచించింది. ఆమె వేళ్లు ఒళ్లో రంగు కలుపుతున్నట్టు కదిలాయి. "ముక్కు?"

"ముక్కు గులాబి, కొసకు నలుపు."

అంతలో ఎందుకో ఆ గుంపులో ఒక భాగం లేచింది. ఆయన మాటల్లో తొందర పెరిగింది. "లేసినయి వదినా! రెక్క ఇప్పితే లోపలంత ఎర్రగ ఉన్నది, మిరపకాయ ఎరుపు. అంచుకు నల్లగ, తారు పూసినట్టు. మెడ ముందుకు సాపినయి, కాళ్లు ఎనకకు సాపినయి. ఇటు తిరుగుతున్నయి... కుడిదిక్కు పోతున్నయి... దిగుతున్నయి." అక్క ముఖం ఆ మాటల వెంటే ఎడమ నుంచి కుడికి తిరిగింది. ఆమె కన్ను అందుకున్నదేమిటో నాకు తెలియదు. నేను అడగలేదు.

పక్షులు సద్దుమణిగాక అంది: "అయితే నేను వేసినవన్నీ తప్పే. ఒళ్లంతా ముదురు గులాబీ పూశాను. ఎరుపంతా రెక్కల కింద ఉంటుందని నాకేం తెలుసు?" మొదట నవ్వింది. తర్వాత, "నా కంటితో చూసుంటే పోయి ఆ గోడ దిద్దేదాన్ని జయపాలూ. ఇప్పుడు తెలిసింది గానీ, దిద్దే చూపు లేదు" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, టీ గ్లాసు నాకిచ్చింది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. రొయ్యలు బండిలోనే వండి ముగ్గురం తిన్నాం. మర్నాడు అదే దారిలో తిరిగొచ్చాం. పోతున్నప్పుడు గానీ వస్తున్నప్పుడు గానీ బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ సంగతి మా ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు వెనక బ్రేకులు కీచుమన్నాయి. అది జయపాల్ కళ్లు మూసుకుని చేసే పని. పానాల పెట్టె బయటికి తీశారు, కాసేపు దాని ముందు కూర్చున్నారు, తిరిగి లోపల పెట్టి బండిని లాలాగూడ తీసుకెళ్లి ఇచ్చేశారు. ఆటోలో ఇంటికొచ్చి, "రేపు సాయంత్రానికి ఇస్తరట. శనివారం వదిన ఎటు పోదామంటే అటు పోదాం" అన్నారు. పని చేసుకోవడమంటే ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు కాబట్టి ఆ మాట వినడం కష్టంగానే ఉండింది. పైసలు మిగులుతాయన్న మాట పక్కన పెడితే, తన చేత్తో బిగించిన బండిలో వదినను తీసుకెళ్లాలన్నదే ఆయన కోరిక. అందులో చెడు ఏముంది? అందుకే ఈ సంగతి ఎవరి మీదకూ నెట్టలేకపోతున్నాను. ఆయన ప్రేమతోనే ఆలస్యం చేశారు. అక్క ప్రేమతోనే ఆగింది. నేను ఆయనను నొప్పించలేక ఫోన్ పక్కన పెట్టాను. ముగ్గురం ఒకరి మనసు ఒకరం చూసుకుంటూ కూర్చుంటే ఆ చలికాలం వెళ్లిపోయింది.

డీజిల్ మోటార్‌హోమ్ ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. నూనెలు, ఫిల్టర్లు, బెల్టులు, టైర్లు మీరే చూసుకోండి, ఖర్చు తగ్గుతుంది, బండి గుణం తెలుస్తుంది. ఇంజను విప్పే పెద్ద పని ఏదైనా ఉంటే ఎండాకాలంలో, ఎక్కడికీ పోయే పని లేనప్పుడు పెట్టుకోండి. దసరా దాటాక తప్పనిసరై విప్పాల్సి వస్తే మాత్రం వర్క్‌షాప్‌కు ఇచ్చేయండి. పులికాట్‌లో పక్షులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగా ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కితే నీళ్లు కళ్లలోకి కొడతాయి.